పెరటిసాలకు విద్యుత్తు

పనిముట్లు బాగుచేసికొను పెరటిసాలకు ఇంటినుండి తీగను గాలిలో వ్రేలాడగట్టుట మేము చూచుచున్నాము. నౌపడ ఉప్పుమళ్ల గాలికి అతుకులు చిలుముపట్టును. 2018 అక్టోబరు 11వ తేదీన పలాస చెంత తీరము దాటిన తిత్లీ తుపానునకు విద్యుత్ స్తంభములే కూలినవి.

కావున ఉక్కుకవచముగల కేబులును రెండున్నర అడుగుల లోతున, ఇసుకలో, నడుమ అతుకులేకుండ పరచి, పైన ఇటుకలు పేర్చి పూడ్చవలెను. కవచమును ఎర్తునకు కలుపవలెను. దూరము హెచ్చినకొలది తీగ లావుగా నుండవలెను. లేనిచో వోల్టేజి తగ్గి మోటారు వేడెక్కును.

ఫ్యూజు పలు ఆంపియర్లకు గాని తెగదు; ప్రాణము తీయుటకు అందులో స్వల్పభాగమే చాలును. కావున 30 మిల్లీఆంపియర్ల లీకేజికే తెగు బ్రేకరును ఇంటివద్ద నుంచవలెను. ఈ పనిని లైసెన్సుగల వానిచే చేయింపుడు. బ్రేకరు పరీక్షమీటను నెలకొకసారి నొక్కి చూడుడు. తెగనిచో వెంటనే మార్పింపుడు.