నాస్ పెట్టె మొరాయిస్తే…

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



ఈ వేళ నేను చెప్పబోయేది వంటల గురించీ కాదు, కుట్లూ అల్లికల గురించీ కాదు. ముందుగదిలో టీవీ వెనకాలో, ఇంటర్‌నెట్ రూటరు పక్కనో, చిన్న దీపాలు మిణుకు మిణుకుమంటూ కూర్చునే పెట్టె గురించి. దాన్ని 'నాస్' అంటారు. ఇంట్లోవాళ్ళ ఫోటోలూ, వీడియోలూ, కాగితాల నకళ్ళూ అన్నీ ఒకచోట దాచుకుని, ఏ గదిలోంచయినా ఫోనులోనో, కంప్యూటరులోనో, టీవీలోనో చూసుకోవడానికి పనికివచ్చే పెట్టె ఇది.

రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ టౌన్‌షిప్పులోనూ, పటాన్‌చెరు, ఇస్నాపూరు, సంగారెడ్డి వైపు ఉద్యోగస్తుల ఇళ్ళలోనూ ఇలాంటి పెట్టె పెట్టుకున్నవారు లేకపోలేదు. సాధారణంగా దీన్ని కొని తెచ్చేది అబ్బాయి, అమర్చేది ఆయన. అబ్బాయి చదువుకో ఉద్యోగానికో దూరం వెళ్తాడు. ఆయన షిఫ్టుకి వెళ్తారు. తీరా అది మొరాయించే వేళకి ఇంట్లో వుండేది మనమే! అందులో వున్నవా, అమ్మాయి పెళ్ళి ఫోటోలు, మనవడి తొలి అడుగులు, పాసుపుస్తకం నకళ్ళు, కాలం చేసిన అత్తగారి గొంతు. డబ్బు పెడితే మళ్ళీ దొరికేవా ఇవి?

అందుకని, కొత్త ఫర్మ్‌వేర్ వేసిన తర్వాత పెట్టె కనిపించకుండా పోతే ఏం చెయ్యాలో, అంతకంటే ముఖ్యంగా ఏం చెయ్యకూడదో చెబుతాను.

ఫర్మ్‌వేర్ అంటే ఏమిటి?

పెట్టెలో రెండు వస్తువులున్నాయనుకోండి. ఒకటి సామాను గది. అదే హార్డ్ డిస్కు. రెండోది ఆ గది దగ్గర కూర్చున్న కాపలావాడు, అంటే లోపలి చిన్న కంప్యూటరు. ఎవరిని లోపలికి పోనివ్వాలి, ఏ వస్తువు ఎక్కడుంది అన్నది ఆ కాపలావాడు చూసుకుంటాడు. అతనికి కంపెనీవాళ్ళు రాసిచ్చిన నిబంధనల పుస్తకమే ఫర్మ్‌వేర్. అప్పుడప్పుడూ పాత పుస్తకం తీసేసి కొత్తది ఇస్తారు. మారేది నిబంధనలు. గదిలో సామాను మామూలుగా ఎక్కడిదక్కడే వుంటుంది. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే సగం కంగారు తగ్గుతుంది.

"ఈ తంటా అంతా ఎందుకు? ఉన్నదాన్ని అలాగే వుంచితే పోలా?" అనవచ్చు మీరు. అలా వదిలేస్తే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. వెస్టర్న్ డిజిటల్ కంపెనీవారి 'మై బుక్ లైవ్' అనే పెట్టెకి 2015 తర్వాత కొత్త ఫర్మ్‌వేర్ రాలేదు. 2021 జూన్ నెలాఖరులో దుండగులెవరో ఇంటర్‌నెట్ ద్వారా అందులోని లోపాలు పట్టుకుని దూరారు. ఎన్నో దేశాల్లో జనం పొద్దున్నే లేచి చూసుకుంటే పెట్టెలు ఖాళీ! వెంటనే ఇంటర్‌నెట్ తీగ పీకెయ్యమని కంపెనీవారు చెప్పవలసివచ్చింది. కాబట్టి కొత్త ఫర్మ్‌వేర్ వెయ్యడం అవసరమే. కానీ ఇల్లు అలకగానే పండగ కాదు. వేశాక వచ్చే చిక్కులు కూడా తెలిసివుండాలి.

ముందు ఆగండి

తోడుపెట్టిన పాలని మాటిమాటికీ కదిపి చూస్తే పెరుగు తోడుకుంటుందా? ఇదీ అంతే. కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కుతున్నంతసేపూ దీపాలు ఆరుతూ వెలుగుతూ వుంటాయి. కొన్ని పెట్టెలకి పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది, కొన్నిటికి అరగంట దాటుతుంది. మధ్యలో పెట్టె తనంతట తానే ఆగి మళ్ళీ మొదలవుతుంది కూడా. ఆ సమయంలో స్విచ్చి కట్టెయ్యడం అన్నిటికంటే పెద్ద ప్రమాదం. పాత పుస్తకమూ పోయి, కొత్త పుస్తకమూ సగమే చేతికొచ్చిన కాపలావాడు ఏం చేస్తాడు చెప్పండి? కనీసం గంటసేపు దాని జోలికి పోకండి.

ఇక్కడ కరెంటు సంగతి కూడా చెప్పాలి. కరెంటు పోతే ఇన్వర్టరు అందుకుంటుందన్న ధీమా మనకి. అది అందుకునే ఆ రెప్పపాటులో ఫాను ఆగదు, దీపం ఆరదు. కానీ ఇలాంటి పెట్టె ఆగి మళ్ళీ మొదలుకావచ్చు. చాలా ఇన్వర్టర్లకి 'యూపీఎస్' అని రాసివున్న మీట ఒకటి వుంటుంది. అటువైపు పెడితే మారడం త్వరగా జరుగుతుంది. చిన్న యూపీఎస్ విడిగా కొనుక్కుంటే మరీ మంచిది. గాలివానలు పట్టే వేసవి సాయంత్రాల్లో మాత్రం ఫర్మ్‌వేర్ పని పెట్టుకోకండి.

బయటినుంచి లోపలికి

గ్యాస్ పొయ్యి వెలగకపోతే మనం మొదటే బర్నరు విప్పం కదా! సిలిండరులో గ్యాసుందా, రెగ్యులేటరు తిప్పి వుందా, ట్యూబు నలిగిందా అని వరసగా చూస్తాం. ఇక్కడా ఆ వరసే.

మొదట తీగ. పెట్టె నుంచి రూటరుకి వెళ్ళే తీగ రెండు కొసలా గట్టిగా వుందో లేదో చూడండి. తీగ గుచ్చినచోట చిన్న దీపం వెలుగుతోందా? లేకపోతే రూటరులో పక్క రంధ్రంలో పెట్టి చూడండి. దుమ్ము దులిపేటప్పుడు వదులయిన తీగ తప్పు ఫర్మ్‌వేర్ మీద పడడం కద్దు.

తర్వాత చిరునామా. ఇంట్లో ప్రతి పరికరానికీ రూటరు ఒక నెంబరు ఇస్తుంది, 192.168.1.5 లాగా. పెట్టె ఆగి మళ్ళీ మొదలైనప్పుడు ఆ నెంబరు మారిపోవచ్చు. కంప్యూటరేమో పాత నెంబరుకే వెళ్ళి తలుపు తడుతుంది. అద్దెకున్నవాళ్ళు పక్కవీధికి మారితే పాత ఇంటి ముందు నిలబడి "ఎవరూ పలకటంలేదు" అన్నట్టన్నమాట. కొత్త నెంబరు తెలుసుకోవాలంటే పెట్టె కంపెనీవారి ఫోను యాప్ తెరవండి, లేదా రూటరు పేజీలో ఏయే పరికరాలు కలిసివున్నాయో జాబితా చూడండి. ఆ పేజీకి ఎలా వెళ్ళాలో చాలా రూటర్ల అడుగున అంటించిన చీటీ మీద వుంటుంది.

ఆ నెంబరుని ఇంటర్‌నెట్ చూసే బ్రౌజరులో, పైన చిరునామా రాసేచోట కొట్టండి. కొన్ని పెట్టెలకి నెంబరు తర్వాత, ఒకదానిమీద ఒకటిగా వుండే రెండు చుక్కలు పెట్టి, 5000 లాంటి మరో అంకె చేర్చాలి. అది పెట్టెతో వచ్చిన పుస్తకంలో వుంటుంది. పెట్టె తాలూకు పేజీ తెరుచుకుందా, ఇక గుండె మీద చెయ్యి వేసుకోండి. కాపలావాడు మేలుకునే వున్నాడు. డిస్కులు బాగానే వున్నట్టు ఆ పేజీలో చూపిస్తే, చిక్కు కంప్యూటరుకీ పెట్టెకీ మధ్య మాటల్లోనే వుంది, సామానులో లేదు.

పేరు, పాస్‌వర్డు

పేజీ తెరుచుకున్నా ఫోల్డర్లు తెరుచుకోకపోతే కారణాలు ఎక్కువగా రెండు.

ఒకటి, కంప్యూటరు పాత పాస్‌వర్డు గుర్తుపెట్టుకుని అదే వల్లెవేస్తూ వుంటుంది. విండోస్ కంప్యూటర్లలో 'క్రెడెన్షియల్ మేనేజర్' అనేచోట ఇవన్నీ దాచివుంటాయి. అక్కడ పెట్టె పేరుతోనూ, నెంబరుతోనూ వున్నవి తీసేసి, కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టి, పాస్‌వర్డు కొత్తగా ఇవ్వండి.

రెండోది, ఇంతకుముందు పాస్‌వర్డు లేకుండానే 'గెస్ట్' పేరుతో అందరూ లోపలికి పోతుండి వుండవచ్చు. కొత్త నిబంధనలు దాన్ని ఒప్పుకోకపోవచ్చు. కంప్యూటరు వైపునుంచీ ఈ పట్టుదల పెరిగింది. 2024లో వచ్చిన మార్పు తర్వాత విండోస్ 11 ప్రో రకం కంప్యూటర్లు పాస్‌వర్డు లేని పెట్టెలని మామూలుగా తెరవవు. పెట్టె పేజీలోకి వెళ్ళి ఇంట్లోవాళ్ళకి తలో పేరూ, తలో పాస్‌వర్డూ పెట్టుకోవడమే దీనికి మందు.

పాత టీవీకి మాత్రమే కనిపించకపోతే?

ఫోనులో ఫోటోలు వస్తున్నాయి, పాత టీవీలో మాత్రం రావటంలేదు. ఇలా అయితే అది భాష తగువు. కంప్యూటర్లూ పెట్టెలూ ఫైళ్ళు ఇచ్చిపుచ్చుకునే భాషని 'ఎస్‌ఎంబీ' అంటారు. అందులో మొదటి తరం భాష చాలా పాతది, లోపాలున్నది. 2017 మే 12న 'వన్నాక్రై' అనే దొంగ ప్రోగ్రాము ఆ పాత భాషలోని లోపం ఆసరాగానే ప్రపంచమంతా పాకింది. ఇంగ్లండులో ఆసుపత్రులు స్తంభించాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఆ ఏడాది చివరనుంచి విండోస్ 10 కొత్తగా వేసుకున్నవారికి ఆ భాష రాకుండా ఆపేశారు. కొత్త ఫర్మ్‌వేర్లూ చాలావరకు దాన్ని కట్టేస్తాయి.

పాత టీవీకి ఆ భాష ఒక్కటే వచ్చు. ఎవరయినా "ఆ పాతది మళ్ళీ ఆన్ చేస్తే సరి" అని సలహా ఇస్తారు. వినకండి. ఒక టీవీ కోసం వీధి తలుపు గడియ తీసి పెట్టుకోవడమే అది. పెట్టెలో 'డీఎల్ఎన్ఏ' లేక 'మీడియా సర్వర్' అని వుంటుంది. అది ఆన్ చేస్తే చాలా టీవీలు దాని ద్వారా బొమ్మలు చూపిస్తాయి.

ఇక, అన్నీ కనిపిస్తున్నాయిగానీ పెట్టె నత్తలా నడుస్తోందనుకోండి. అది చాలావరకు జబ్బు కాదు. కొత్త పుస్తకం వచ్చాక కాపలావాడు సామానంతా తిరిగి లెక్కపెట్టుకుంటాడు. వేల ఫోటోలుంటే ఒక రాత్రో, ఒక రోజో పట్టవచ్చు.

ఈ మీట మాత్రం నొక్కకండి

ఇప్పుడు అసలు జాగ్రత్త. ఒక్కోసారి పెట్టె పేజీ తెరిస్తే డిస్కులు గుర్తుపట్టలేదనీ, 'ఇనీషియలైజ్' లేక 'ఫార్మాట్' చెయ్యాలనీ అడుగుతుంది. 'సరే' అన్న మీట మీద చెయ్యి పడిందా, మొదటికే మోసం! ఆ మాటకి అర్థం గది ఖాళీ చేసి కొత్తగా సున్నం వేయించమని. డబ్బు చెల్లింపు యాప్‌లో తొందరపడి మీట నొక్కం కదా, ఇక్కడా అంతే.

పెట్టె వెనకాల సూదిమొన పట్టేంత రంధ్రంలో 'రీసెట్' మీట వుంటుంది. కొన్ని పెట్టెల్లో అది పాస్‌వర్డుని మాత్రమే తుడుస్తుంది, మరికొన్నిట్లో అన్నీ తుడిచేస్తుంది. ఎన్ని సెకన్లు నొక్కితే ఏమవుతుందో కంపెనీ కంపెనీకీ తేడా. పుస్తకం చదవనిదే దాని జోలికి పోవద్దు.

డిస్కులు గుర్తుపట్టకపోతే చెయ్యవలసింది ఒక్కటే. పెట్టెని పద్ధతి ప్రకారం ఆపండి. తెర మీద కనిపించిన మాటలని ఫోనుతో ఫోటో తీసుకోండి. డిస్కులు బయటికి తీయవలసివస్తే ఏది ఏ అరలోదో చీటీ అంటించండి, అరలు తారుమారు చెయ్యకండి. కంపెనీవారి సహాయ కేంద్రానికి ఫోన్ చేసి, ఏ ఫర్మ్‌వేర్ నుంచి ఏ ఫర్మ్‌వేర్‌కి మారిందో చెప్పండి. వెనక్కి పాతదానికి మారతామంటే చాలా పెట్టెలు ఒప్పుకోవు.

రెండో జాడీ

"మా పెట్టెలో రెండు డిస్కులున్నాయండీ, ఒకటి పోయినా ఇంకోటుంటుంది" అంటారు కొందరు. ఆ రెండూ అద్దంలో బొమ్మలు. ఒక డిస్కు అరిగి చెడిపోతే రెండోది ఆదుకునేమాట నిజమే. కానీ ఒకదాంట్లో చెరిపిన ఫోటో రెండోదాంట్లోనూ చెరిగిపోతుంది. ఫార్మాటయితే రెండూ అవుతాయి. ఆవకాయ అంతా ఒకే అలమరలో రెండు జాడీల్లో పెట్టినంత మాత్రాన, అలమరే కూలితే ఏం మిగులుతుంది?

రెండో నకలు వేరేచోట వుండాలన్న సంగతికి ఉదాహరణ మన పటాన్‌చెరులోనే వుంది. 1972లో స్థాపించిన ఇక్రిశాట్ సంస్థ తన విత్తన భాండాగారంలో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ వంటి పంటల విత్తనాలు 1,20,000కు పైగా నమూనాలు చలిగదుల్లో దాచివుంచింది. అంత కట్టుదిట్టమైన చోటు వుండి కూడా, వాటిలో చాలావాటి నకళ్ళని నార్వేలో మంచుకొండ లోపల 2008లో తెరిచిన స్వాల్‌బార్డ్ విత్తన భాండాగారానికి పంపింది. ఇది వట్టి చాదస్తం కాదని సిరియా అనుభవం చెబుతుంది. యుద్ధంవల్ల అలెప్పో దగ్గరి తమ భాండాగారం అందుబాటులో లేకపోతే, ఇకార్డా సంస్థవారు 2015లో స్వాల్‌బార్డ్ నుంచి తమ విత్తనాలు తెప్పించుకుని లెబనాన్‌లో, మొరాకోలో మళ్ళీ పండించుకున్నారు.

మనకి మంచుకొండ అక్కర్లేదు. ఒక బయటి హార్డ్ డిస్కు చాలు. నెలకోసారి, నాస్ పెట్టెలోవన్నీ అందులోకి కాపీ చేసి, తీగ తీసేసి బీరువాలో పెట్టండి. పెళ్ళి ఫోటోల్లాంటివి ఇంకో నకలు తీసి పుట్టింట్లోనో, చెల్లెలింట్లోనో వుంచండి. కాపీ చేశాక రెండు మూడు ఫోటోలు తెరిచి చూడడం మరవకండి. తెరుచుకోని నకలు నకలే కాదు.

దీపం వుండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు. కాబట్టి ఈసారి పెట్టె "కొత్త ఫర్మ్‌వేర్ వచ్చింది" అనగానే మీట నొక్కకండి. ముందు నకలు తియ్యండి. పెట్టె అమరికలని దాచుకునే సదుపాయం వుంటే అదీ చేసుకోండి. పెట్టె నెంబరూ, ఇప్పుడున్న ఫర్మ్‌వేర్ పేరూ, కంపెనీవారి ఫోన్ నెంబరూ ఒక కాగితం మీద రాసి, పాలలెక్క రాసుకునే క్యాలెండరు వెనకాల అంటించండి. పాస్‌వర్డు మాత్రం బీరువాలో వుండాలి సుమా! పెట్టెకి ఎప్పుడూ ఒకే నెంబరు ఇచ్చేలా రూటరులో ఏర్పాటు చెయ్యమని ఈసారి ఇంటికొచ్చినప్పుడు అబ్బాయిని అడగండి. ఆ పని ఎలా చేశాడో పక్కన నిలబడి చూసి, మీరూ నేర్చుకోండి.

పెట్టె ఎవరు కొన్నా, అందులో దాచినది మన ఇంటి కథ. దాని తాళంచెవి మన కొంగున కూడా వుండడం న్యాయం.