రాటల మీద ఇల్లు, గార్డెన్ రీచ్ నేల

కలకత్తాలోని గార్డెన్ రీచ్ అంటే ఉత్తరాంధ్ర రైల్వే కుటుంబాలకు ఒకప్పుడు హెడ్డాఫీసు. 2003లో తూర్పు కోస్తా రైల్వే విడిపోయేదాకా వాల్తేరు డివిజను, అక్కడ హెడ్డాఫీసున్న ఆగ్నేయ రైల్వే కిందే ఉండేది. 2024 మార్చి 17 అర్ధరాత్రి, అక్కడి అజహర్ మొల్లా బగాన్‌లో కడుతున్న అయిదంతస్తుల మేడ కూలి పక్కనున్న పేదల ఇళ్ల మీద పడింది. పదిమందికి పైగా చనిపోయారు. అంత బరువు ఆ నేల మీద పెట్టాలా అన్న ప్రశ్న అప్పటినుంచీ నన్ను వదలడం లేదు. తేలికైన ఇంటి సంగతి చెప్పాలనిపించింది అందుకే.

పెళ్లిపందిరి చూసినవారికి ఈ ఇల్లు కొత్త కాదు. భూమిలో రాటలు పాతి, వాటిమీద దూలాలు, వాసాలు, కప్పు. గోడ బరువు మోయదు, ఎండావానల్ని ఆపుతుంది, అంతే. అమెరికా రైతులు 1930లలో కొట్టాలు ఇలాగే కట్టుకున్నారు. ఇప్పుడు కొందరు వాటిలాంటి ఇళ్లలోనే కాపురముంటున్నారు.

గార్డెన్ రీచ్ నేల హుగ్లీ పోసిన ఒండ్రు. కలకత్తాలో చాలాచోట్ల నలభై అడుగుల దాకా మెత్తటి బంకమట్టే, మధ్యలో కుళ్లిన ఆకులలముల నల్లటి పొరలు. బరువు పడితే ఆ మట్టిలోని నీరు ఏళ్ల తరబడి మెల్లగా బయటికి పోతూ నేల కుంగుతుంది. ఇల్లంతా ఒకేలా కుంగితే అంత ప్రమాదం లేదు. సగం పాతగట్టు మీద, సగం పూడ్చిన చెరువు మీద ఉంటే ఒక పక్కకే ఒరుగుతుంది. రాటల ఇల్లు తేలికే గానీ, ఆ కాస్త బరువూ నాలుగు మొనల మీద పడితే కర్ర బురదలో దిగినట్టు దిగుతుంది. కాబట్టి గుంట అడుగున వెడల్పాటి కాంక్రీటు పలక వెయ్యాలి. పూడ్చిన మట్టి దాటి అసలు నేల తగిలేదాకా తవ్వాలి.

బరువైన ఇంటికి నేల శత్రువైతే, తేలికైన ఇంటికి గాలి శత్రువు. కలకత్తాలో గంటకు 180 కిలోమీటర్ల గాలిని లెక్కలోకి తీసుకోమంటుంది మన దేశపు కట్టడాల ప్రమాణం. 2020 మే నెలలో అంఫాన్ తుపాను వచ్చినప్పుడు నగరంలో గాలి వేగం నూరు దాటింది. గాలి కప్పును కిందికి నొక్కడమే కాదు, పైకి లాగుతుంది కూడా. కప్పు రేకును వాసానికి, వాసాన్ని దూలానికి, దూలాన్ని రాటకు ఇనుప పట్టీలతో బిగించి, రాట పాదానికి కాంక్రీటు పట్టు ఇవ్వాలి. ఈ గొలుసులో ఒక్క ముడి వదులైనా కప్పు లేచిపోతుంది.

ఇక చెదలు, కుళ్లు. రాట పైన కుళ్లదు, లోతున కూడా త్వరగా కుళ్లదు. నేల మట్టానికి దగ్గర, తడీ గాలీ కలిసే జానెడు మేరే ముందు పోతుంది. మన పల్లెల్లో కర్ర అడుగు కాల్చి తారు పూసేది ఇందుకే. ఇప్పుడు ఒత్తిడితో మందు ఎక్కించిన కర్ర దొరుకుతుంది. లేదా కాంక్రీటు దిమ్మె మీద ఇనుప పాదం బిగించి, కర్రను నేలకు తగలకుండా నిలపవచ్చు. అయితే భూమిలో పాతుకున్న బిగువు పోతుంది గనుక, రాటల మధ్య ఏటవాలు కర్రలు తప్పనిసరి. చాలామంది ఇక్కడే పొరబడతారు.

గార్డెన్ రీచ్‌లోనైనా, బందరులోనైనా స్థలం కొనేముందు అక్కడ ఒకప్పుడు చెరువుండేదా అని ఆ వీధిలోని ముసలివాళ్లను అడగండి. తర్వాత మట్టి పరీక్ష చేయించండి. రాటల ఇల్లే కదా అని ప్లాను మంజూరు లేకుండా మాత్రం గుంట తవ్వకండి.