బరువు తగ్గింపు శస్త్రచికిత్స తరువాతి ఆకలి: గోనెగండ్ల ప్రాంత ఆహారపు అలవాట్ల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
స్థూలకాయానికి శస్త్రచికిత్స చేయించుకున్నవారికి తొలి నెలల్లో ఆకలి బాగా తగ్గుతుంది. కొంతకాలానికి అది మళ్లీ కనిపించినప్పుడు చికిత్స విఫలమైందని రోగులూ, కుటుంబసభ్యులూ భయపడతారు. ఈ భయానికి ఆధారం ఎంత, తిరిగివచ్చే ఆకలి ఎన్ని రకాలు, వాటిని ఎలా ఎదుర్కోవాలి అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని గోనెగండ్ల, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతాల ఆహారపు అలవాట్లను ఉదాహరణలుగా గ్రహిస్తుంది.

కీలకపదాలు: ఆకలి, స్థూలకాయం, గ్రెలిన్, మాంసకృత్తులు, జొన్నరొట్టె, సంగటి, కరవు, గోనెగండ్ల.

1. ప్రవేశిక:
ఆకలిని తెలుగువారు రుచి ఎరుగనిదిగా చెప్పుకున్నారు. ఆకలిగొన్నవానికి అన్నం పెట్టడాన్ని పుణ్యకార్యంగా భావించారు. అన్నం ఉండి కూడా తినకూడని స్థితిని, తినాలనిపించినా ఆగవలసిన స్థితిని గురించి మాత్రం సంప్రదాయ జీవితం పెద్దగా ఆలోచించవలసిన అవసరం రాలేదు. ఉపవాసం ఒక పూటదో, ఒక దినానిదో. శస్త్రచికిత్స తరువాతి మితాహారం జీవితాంతం పాటించవలసినది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి సుమారు 36 మంది అధిక బరువుతోనో, స్థూలకాయంతోనో ఉన్నారు. వీరిలో శస్త్రచికిత్స అవసరమయ్యేవారు కొద్దిమందే. శరీర ద్రవ్యరాశి సూచిక 35 దాటినవారికి శస్త్రచికిత్సను సూచించవచ్చునని 2022లో అంతర్జాతీయ శస్త్రవైద్య సంఘాలు మార్గదర్శకాలు ప్రకటించాయి. 160 సెంటీమీటర్ల ఎత్తున్న వ్యక్తికి ఇది సుమారు 90 కిలోల బరువుతో సమానం. ఆసియా వాసులకు తక్కువ బరువులోనే మధుమేహం వంటి వ్యాధులు వస్తాయి కనుక వారి విషయంలో 27.5 దాటినా పరిశీలించవచ్చునని అవే మార్గదర్శకాలు పేర్కొన్నాయి.

2. ప్రాంతం - ఆకలి జ్ఞాపకం:
గోనెగండ్ల మండలంలోనే హంద్రీ నదిపై గాజులదిన్నె జలాశయం ఉంది. అయినా ఈ ప్రాంత వ్యవసాయంలో ఎక్కువ భాగం వాననే నమ్ముకొన్నది. వేరుశనగ, పత్తి, కంది, జొన్న, కొర్ర ఇక్కడి పంటలు. వానలు తప్పిన ఏడు కుటుంబాలు పనులు వెతుక్కుంటూ సుగ్గికి పోవడం నేటికీ ఉన్నదే.

1876-78 నాటి మహాకరవులో తీవ్రంగా దెబ్బతిన్న జిల్లాలలో కర్నూలు ఒకటి. 1871 జనాభా లెక్కలతో పోలిస్తే 1881 నాటికి జిల్లా జనాభా సుమారు నాలుగో వంతు తగ్గింది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరవు పనుల కూలీలకు రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం చాలునని కూలి లెక్కకట్టాడు. మద్రాసు రాజధాని పారిశుద్ధ్య కమిషనర్ కార్నిష్ దీనిని వ్యతిరేకించాడు. ధాన్యపు తూకం ఒక్కటే చాలదనీ, పప్పుధాన్యాల వంటి మాంసకృత్తులున్న ఆహారం కూడా కావాలనీ అతని వాదన.

ఈ చరిత్రకు ప్రస్తుత విషయంతో రెండు విధాల సంబంధం ఉంది. కరవు చూసిన సమాజంలో కడుపునిండా తినడం క్షేమానికి గుర్తు. తినకుండా లేచినవారిని చూసి ఇంటివారు బాధపడతారు. శస్త్రచికిత్స చేయించుకున్నవారికి ఎదురయ్యే తొలి ఒత్తిడి ఇదే. రెండవది, ఆహారాన్ని తూకంతో కాక అందులోని సారంతో కొలవాలన్న కార్నిష్ వాదన. చిన్నదైన జీర్ణాశయానికి ఇదే ప్రథమ సూత్రం.

3. ఆకలి పుట్టే తీరు:
కడుపు ఖాళీ అయితే ఆకలి, నిండితే తృప్తి అని సాధారణ భావన. శరీరధర్మ శాస్త్రం ఇంతకంటె విస్తృతమైన చిత్రాన్ని చూపుతుంది. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనుగొన్న లెప్టిన్ అనే హార్మోను కొవ్వు కణాల నుండి వెలువడి, శరీరంలోని నిల్వల సమాచారాన్ని మెదడుకు అందిస్తుంది. 1999లో జపాన్ శాస్త్రజ్ఞులు కొజిమా, కంగావా కనుగొన్న గ్రెలిన్ ప్రధానంగా జీర్ణాశయపు పైభాగంలో తయారవుతుంది. భోజనానికి ముందు దీని స్థాయి పెరుగుతుంది, తిన్న తరువాత తగ్గుతుంది. ఆహారం చిన్నప్రేగు దిగువ భాగానికి చేరినప్పుడు వెలువడే జీఎల్‌పీ-1, పీవైవై హార్మోన్లు తృప్తిని కలిగిస్తాయి.

కేవలం పథ్యంతో బరువు తగ్గినవారిలో శరీరం ఎదురు తిరుగుతుంది. లెప్టిన్ పడిపోతుంది, గ్రెలిన్ పెరుగుతుంది. ఆస్ట్రేలియాలో జరిగి 2011లో వెలువడిన ఒక పరిశోధనలో, బరువు తగ్గిన ఏడాది తరువాత కూడా ఆకలిని పెంచే ఈ మార్పులు కొనసాగాయి. కాబట్టి పథ్యం విడిచినవారిని మనోబలం లేనివారని నిందించడం శాస్త్రసమ్మతం కాదు.

4. శస్త్రచికిత్స తెచ్చే మార్పు:
ప్రస్తుతం ఎక్కువగా జరుగుతున్న స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయంలో సుమారు నాలుగింట మూడు వంతులకు పైగా తొలగించి, అరటికాయ ఆకారంలో సన్నని గొట్టాన్ని మిగులుస్తారు. గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యే పైభాగం ఇందులో తొలగిపోతుంది. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో చిన్న సంచిని ఏర్పరచి దానిని నేరుగా చిన్నప్రేగుకు కలుపుతారు. 1960వ దశకంలో అమెరికాలో ఎడ్వర్డ్ మేసన్ ఈ పద్ధతికి ఆద్యుడయ్యాడు. ఈ రెండు పద్ధతులలోనూ ఆహారం త్వరగా ప్రేగును చేరి, తృప్తినిచ్చే హార్మోన్లు అధికంగా వెలువడతాయి. తొలి నెలల్లో ఆకలి దాదాపు లేకపోవడానికి కారణం ఇదే.

ఈ స్థితి ఇలాగే శాశ్వతంగా ఉండదు. స్వీడన్‌లో దీర్ఘకాలం సాగి 2007లో ఫలితాలు ప్రకటించిన అధ్యయనంలో, బైపాస్ చేయించుకున్నవారు ఒకటి రెండేళ్లలో సగటున 32 శాతం బరువు తగ్గారు. పదేళ్లకు ఆ తగ్గుదల 25 శాతం వద్ద నిలిచింది. అంటే కొంత ఆకలి, కొంత బరువు తిరిగి రావడం సహజ పరిణామం. అది విఫలత కాదు. మొదటి ఏడాదిలో ఏర్పరచుకున్న అలవాట్లే తరువాతి కాలానికి రక్ష.

5. తిరిగివచ్చే ఆకలి - రకాలు:
ఆకలిని ఎదుర్కోవడంలో మొదటి మెట్టు దానిని గుర్తుపట్టడం. దీనిని నాలుగు రకాలుగా విభజించవచ్చు.

అ) నిజమైన ఆకలి: భోజనం తరువాత మూడు నాలుగు గంటలకు మెల్లగా మొదలవుతుంది. ఏ ఆహారమైనా సరే అనిపిస్తుంది. దీనికి సమాధానం వేళకు తినడమే.

ఆ) దప్పిక: ఒకేసారి ఎక్కువ నీరు తాగే వీలు లేనందున శరీరంలో నీరు తగ్గి, అది ఆకలిగా భ్రమ కలిగిస్తుంది. వేసవిలో పొలం పని చేసేవారిలో ఈ ప్రమాదం ఎక్కువ. దినానికి కనీసం లీటరున్నర ద్రవాన్ని గుక్కెడు గుక్కెడుగా తీసుకోవాలి.

ఇ) మనసు ఆకలి: ఒక్కసారిగా పుట్టి, ఏదో ఒక పదార్థాన్నే కోరుతుంది. విసుగు, దుఃఖం, ఒంటరితనం దీనికి కారణాలు. పదిహేను నిమిషాలు వేరే పనిలో పడితే తరచు తగ్గిపోతుంది.

ఈ) చక్కెర పడిపోవడం: ముఖ్యంగా బైపాస్ తరువాత, తీపి తిన్న ఒకటి నుండి మూడు గంటలకు చెమట, వణుకు, గుండెదడతో కూడిన తీవ్రమైన ఆకలి వస్తుంది. దీనికి మళ్లీ మళ్లీ తీపి తినడం అదే చక్రాన్ని తిప్పుతుంది. ఇటువంటి లక్షణాలు కనిపిస్తే వైద్యునికి చెప్పి తీరాలి.

6. స్థానిక ఆహారం - అనుసరణ:
తొలి వారాల్లో ద్రవాలు, తరువాత మెత్తని పదార్థాలు, ఆరు నుండి ఎనిమిది వారాలకు సాధారణ ఆహారం అనే క్రమాన్ని వైద్యులు సూచిస్తారు. పలుచని మజ్జిగ, పప్పుకట్టు తొలి దశలకు సరిపోతాయి. తరువాతి దశలోనే ప్రాంతీయ అలవాట్లు పరీక్షకు నిలుస్తాయి.

సంగటిని నమలరు. ముద్దను పులుసులో అద్ది మింగడం రాయలసీమ పద్ధతి. శస్త్రచికిత్స తరువాత ఈ అలవాటు మానవలసిందే. బంకగా ఉండే ముద్ద సన్నని గొట్టంలో నిలిచి నొప్పి, వాంతి కలిగిస్తుంది. జొన్నరొట్టె విషయం వేరు. దానిని నమలక తప్పదు. చిన్న ముక్కను పప్పులో నానబెట్టి, బాగా నమిలి తింటే తృప్తి నిలుస్తుంది. భోజనానికి ఇరవై నుండి ముప్పై నిమిషాలు తీసుకోవాలి. ముద్దముద్దకూ నీళ్లు తాగే అలవాటును విడిచి, తిన్న అరగంట తరువాతనే తాగాలి.

ఉదయం వేళ ఈ ప్రాంతమంతటా ప్రసిద్ధమైన ఉగ్గాని, మిరపకాయ బజ్జి మరొక ఉదాహరణ. నానిన బొరుగులు కడుపులో నిలవవు. సులభంగా జారిపోయి, గంటలోనే మళ్లీ ఆకలి పుట్టిస్తాయి. బజ్జిలో నూనె అధికం. పూర్తిగా మానలేనివారు రెండు చెంచాల ఉగ్గానికి ముందు ఒక ఉడికించిన గుడ్డు తింటే మేలు.

దినానికి 60 నుండి 80 గ్రాముల మాంసకృత్తులు అవసరం. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, 30 గ్రాముల కందిపప్పులో 6 నుండి 7 గ్రాములు, 100 గ్రాముల పెరుగులో 3 గ్రాములు ఉంటాయి. రెండు గుడ్లు, రెండు చిన్న గిన్నెల పప్పు, 300 గ్రాముల పెరుగు కలిపినా 35 గ్రాములకు మించదు. మిగిలిన దానికి కోడిమాంసం, చేప, పనీరు, లేదా వైద్యుడు సూచించిన మాంసకృత్తుల పొడి అవసరమవుతుంది. అందుకే పళ్లెంలో పప్పు, గుడ్డు, మాంసం ముందు, కూర తరువాత, అన్నమో రొట్టెనో చివర. అన్నం మీద పప్పు పోసుకునే అలవాటును తలకిందులు చేయడమే ఇందులోని కీలకం.

వేరుశనగలో మాంసకృత్తులు సమృద్ధిగా ఉన్నా, 100 గ్రాముల గింజలలో 500 కెలోరీలకు పైగా ఉంటాయి. ఇంటినిండా కాయలున్న పంటకాలంలో గుప్పెడు గుప్పెడుగా దినమంతా నమలడం వల్ల, ఎక్కడా కడుపు నిండిన భావన లేకుండానే బరువు తిరిగి వస్తుంది.

7. కుటుంబం - పండుగ - పని:
బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు "ఇంకొంచెం తినండి" అనే మర్యాదను తిరస్కరించడం కష్టం. చిన్న గిన్నెలో తానే వడ్డించుకోవడం, ఒక ముద్ద రుచి చూసి చాలించడం, ఆపరేషన్ సంగతి ఇంటి పెద్దకు ముందుగా తెలియజేయడం ఉపకరిస్తాయి. ఉగాది ఓళిగలను నిషేధించనవసరం లేదు. ఖాళీ కడుపుతో కాక, భోజనం చివర చిన్న ముక్క తింటే చాలు. బైపాస్ చేయించుకున్నవారికి అది కూడా పడకపోవచ్చు.

సుగ్గికి వెళ్లే కూలీలకు, మగ్గంపై గంటల తరబడి కూర్చునే ఎమ్మిగనూరు నేతగాళ్లకు వేళ తప్పకుండా తినడం ఒక సమస్య. పూట తప్పితే తరువాతి పూట ఆత్రంగా తినడం, వాంతి కావడం జరుగుతాయి. ఉడికించిన శనగలో గుడ్డో వెంట ఉంచుకోవడం సులభమైన ఉపాయం. సారాయి, బీరు వంటివి బైపాస్ తరువాత త్వరగా రక్తంలో చేరతాయి. ఆహారంతో తీరే వెలితిని కొందరు మద్యంతో తీర్చుకోజూస్తారు. ఈ మార్పును కుటుంబం గమనించాలి.

8. హెచ్చరిక లక్షణాలు:
ఆకలిని ఓర్చుకోవడమే విజయమనుకుని తినడం మానివేసేవారూ ఉంటారు. ఇది మరింత ప్రమాదం. ఎడతెగని వాంతులతో బి1 విటమిన్ లోపించి నరాలు, మెదడు దెబ్బతినవచ్చు. బి12, ఇనుము, కాల్షియం, డి విటమిన్ మాత్రలను జీవితాంతం వాడాలి. అడ్డూ అదుపూ లేని ఆకలి, కడుపునొప్పి, నల్లని మలం, నడకలో తూలడం కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. శస్త్రచికిత్స హైదరాబాదులోనో బెంగళూరులోనో జరిగినా, రక్తపరీక్షలను కర్నూలులో చేయించుకుని ఫలితాలను శస్త్రవైద్యునికి పంపవచ్చు. దూరం కారణంగా పర్యవేక్షణ ఆగిపోకూడదు.

9. ముగింపు:
శస్త్రచికిత్స ఆకలి స్వరాన్ని కొంతకాలం తగ్గిస్తుంది. ఆ వ్యవధిలో నమలడం, వేళ పాటించడం, పప్పును అన్నానికి ముందుంచడం, దప్పికను ఆకలి నుండి వేరుచేయడం నేర్చుకోవాలి. ఆకలి తిరిగి వచ్చినప్పుడు సిగ్గుపడి దాచడం కన్నా, అది ఏ రకమైనదో గుర్తించి వైద్యునితో చర్చించడం మేలు. ఒకనాడు తిండి లేక ప్రజలు రాలిపోయిన నేలపై నేడు తిండిని కొలుచుకోవలసి రావడం విపరీతంగా తోచవచ్చు. రెండు సందర్భాలలోనూ శరీరం అడిగేది సారమున్న ఆహారాన్నే. కొర్ర, జొన్న, కంది, పెరుగు ఈ ప్రాంతానికి కొత్తవి కావు. వాటి వరుసను, పరిమాణాన్ని, తినే తీరును మార్చుకుంటే స్థానిక ఆహారంతోనే ఈ జీవితకాలపు పథ్యంలో ఎక్కువ భాగం సాగుతుంది.