కరెంటు దొంగ ఎక్కడ?

రాత్రి చక్కగా ఇంటికొచ్చిన కారు తెల్లారేసరికి మొరాయిస్తుంది. బ్యాటరీ మార్చినా వారానికే మళ్లీ అదే కథ! అలాంటప్పుడు ఇంకో బ్యాటరీ కొనేముందు మల్టీమీటర్‌తో చూస్తే తప్పెక్కడుందో తెలిసిపోతుంది.

రాత్రంతా ఆపి ఉంచిన కారు బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగమే. ఇంజిన్‌ ఆన్‌ చేస్తే చాలా కార్లలో 13.8 నుంచి 14.5 దాకా రావాలి. రాలేదా... ఆల్టర్నేటర్‌, బెల్టు, వైర్లు చూపించాల్సిందే.

ఛార్జింగ్‌ బాగానే ఉంటే, కారు ఆపాక కరెంటు తాగేదేదో ఉందేమో వెతకాలి. డిక్కీలో ఆరని బల్బు, విడిగా బిగించిన మ్యూజిక్‌ సిస్టమ్‌, డ్యాష్‌క్యామ్‌... ఏదైనా కావచ్చు. గడియారం, అలారం లాంటివాటికి మామూలుగా 50 మిల్లీ ఆంపియర్లలోపే చాలు. అదే 500 అయితే రోజుకి 12 ఆంపియర్‌ అవర్లు హాంఫట్‌! 35 ఆంపియర్‌ అవర్ల బ్యాటరీ మూడు రోజులకే ఖాళీ.

కారు ఆపిన అరగంట తర్వాత మీటరు పెట్టి ఫ్యూజులు ఒక్కొక్కటే తీయమని మెకానిక్‌కి చెప్పండి. ఏది తీస్తే అంకె పడిపోతుందో దొంగ ఆ దారిలోనే ఉన్నట్టు. పూర్తిగా ఛార్జ్‌ చేసి, వైర్లు ఊడదీసి ఉంచినా ఒకట్రెండు రోజుల్లోనే దిగిపోతోందా? అప్పుడు తప్పు బ్యాటరీదే. కొత్తది కొనండి.