లేని స్వరం వినిపిస్తోంది

ఉప్పాడ నుంచి ఒక కుర్రాడు ఉత్తరం రాశాడు. చర్చిలో పాటల బృందానికి బేస్ గిటార్ వాయిస్తాడట. ప్రశ్న అతని మాటల్లోనే: ‘సార్, రిహార్సల్ ఫోన్లో రికార్డు చేసుకుని బీచ్ రోడ్డు మీద కూర్చుని వింటాను. లావు తీగ మీద వాయించిన స్వరం శుభ్రంగా తెలుస్తుందండి. సౌండ్ సిస్టమ్ నడిపే మా అన్నయ్యేమో అంత కింది స్వరం ఫోన్ స్పీకర్లో రానే రాదంటాడు. మరి నేను వింటున్నదేంటండి? ఇంకోటండి, మా ఊళ్ళో తీగలు తొందరగా చచ్చిపోతున్నాయి, ఏం చెయ్యాలి? అయిదు తీగల గిటార్ కొనుక్కోమంటారా?’

తీగల సంగతి చివర్లో చూద్దాం. మొదటి ప్రశ్నను మాత్రం వదలబుద్ధి కావడం లేదు. దాని మీద యూరప్‌లో మహామహులు వందేళ్ళకు పైగా వాదించుకున్నారు.

అన్నయ్య చెప్పింది నిజమే. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ, అంటే ‘ఇ’ తీగ, సెకనుకు సుమారు 41 సార్లు (అంటే 41 హెర్ట్జ్) కంపిస్తుంది. నిలబెట్టి వాయించే పెద్ద డబుల్ బేస్‌లోనూ ఇంతే. ఫోన్ స్పీకరు 200, 300 హెర్ట్జ్ కిందికి దిగితే నీరసపడిపోతుంది, 41 దాని వల్ల కాని పని. అయితే ఏ తీగా ఒక్క స్వరమే పలకదు. 41తో పాటు దాని రెట్లు 82, 124, 165, 206, 247, 288 కూడా పలుకుతాయి. వీటినే హార్మోనిక్స్ అంటారు. ఫోన్లోంచి బయటికి వచ్చేవి 206 నుంచి పైవి మాత్రమే. మూలస్వరం 41 అందులో లేదు. అయినా మన కుర్రాడికి వినిపించేది 41 శ్రుతే, 206 కాదు!

దీన్ని మొదట పట్టుకున్నవాడు ఆగస్ట్ సీబెక్. ఉష్ణంతో విద్యుత్తు పుట్టించవచ్చని చూపిన సీబెక్‌కి కొడుకు. 1841లో ఒక సైరన్‌తో ప్రయోగాలు చేశాడు. చిల్లులున్న పళ్ళెం గిరగిరా తిరుగుతుంటే దాని మీదికి గాలి ఊదాలి, ఒక్కో చిల్లు దగ్గర ఒక్కో ‘పుఫ్’. చిల్లుల మధ్య దూరాలు మార్చి, మూలస్వరం బలం బాగా తగ్గేలా చేశాడు. చెవికి మాత్రం మూలస్వరం శ్రుతి ఎప్పటిలాగే గట్టిగా వినిపించింది. ఉన్న బలానికీ వినిపించే బలానికీ పొంతన లేదు.

ఇది జార్జ్ ఓమ్‌కి నచ్చలేదు. అవును, ఇంటర్‌లో మనం బట్టీ పట్టిన ఆ ఓమ్ గారే. శబ్దంలో ఏ స్వరం నిజంగా ఉందో చెవి దాన్నే వింటుందని 1843లో ఆయన సూత్రీకరించాడు. సీబెక్ విన్నది భ్రమ అని తేల్చేశాడు. విద్యుత్తులో ఆయన సూత్రం బంగారం. చెవి విషయంలో మాత్రం ప్రయోగం చేసినవాడి మాట వినకుండా తన గణితాన్ని నమ్ముకున్నాడు. సీబెక్ 1849లో పోయాడు. 1863లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ తన పెద్ద గ్రంథంలో ఓమ్ పక్షమే వహించాడు. ఆయన సర్దుబాటు ఇది: 206, 247 కలిసి చెవిలో పడితే, చెవి యంత్రాంగంలోని వంకరతనం వల్ల వాటి తేడా 41 అక్కడే నిజంగా పుడుతుంది. అంటే భ్రమ కాదు, చెవిలో తయారైన సరుకు. అంతటివాడు చెప్పాక ఎదురు మాట్లాడేదెవరు? డెబ్భై ఏళ్ళకు పైగా అదే పాఠం.

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగం. కాకినాడ నుంచి ఉప్పాడకు 20 నిమిషాలకో బస్సు, పిఠాపురం నుంచి 30 నిమిషాలకో బస్సు వస్తాయనుకోండి. సెంటర్లో టీ కొట్టు ఆయన చూసేదేమిటి? గంటకోసారి రెండు బస్సులూ ఒకేసారి వచ్చి ఆగుతాయి, గిరాకీ ఒక్కసారి మీద పడుతుంది. గంటకోసారి నడిచే బస్సు ఊళ్ళో ఒక్కటీ లేదు. అయినా ఆయన కొట్టుకి గంట లెక్క ఒకటి ఏర్పడింది. 206, 247, 288 కూడా అంతే. వాటి అలలన్నీ సెకనుకు 41 సార్లు ఒకచోట కలుసుకుంటాయి. మెదడు ఆ కలయికల లెక్క పట్టుకుంటుంది.

ఇది హెల్మ్‌హోల్ట్స్ చెప్పిన తేడా స్వరం కాదని ఎలా తెలుసు? 1930ల చివర్లో హాలండ్‌లో ఫిలిప్స్ ప్రయోగశాలలో స్కూటెన్ అనే శాస్త్రవేత్త ఈ పాత తగవుని మళ్ళీ తవ్వాడు. 1962లో ఆయనా, సహచరులూ చూపించిన ప్రయోగం చూడండి. 1800, 2000, 2200 హెర్ట్జ్ కలిపి వినిపిస్తే శ్రుతి 200. తేడా కూడా 200 కాబట్టి హెల్మ్‌హోల్ట్స్ వాదులకి సంతోషం. ఇప్పుడు మూడింటినీ 40 చొప్పున పైకి జరపండి: 1840, 2040, 2240. తేడా ఇంకా 200గానే ఉంది, కాబట్టి శ్రుతి కదలకూడదు. కానీ కదిలింది! సుమారు 204 దగ్గర వినిపించింది. 1840ని 9తో, 2040ని 10తో, 2240ని 11తో భాగించి చూడండి, అన్నీ 204కి అటూఇటూగా వస్తాయి. బస్సులు నాలుగైదు నిమిషాలు తేడాగా వచ్చినా టీ కొట్టు ఆయన తన గంట లెక్కను సర్దుకున్నట్టు, మెదడు తనకు అందిన స్వరాలకు దగ్గరగా సరిపోయే మూలాన్ని వెతుక్కుంటుంది. ఒక్క తీసివేత లెక్కతో హెల్మ్‌హోల్ట్స్ వివరణ కూలింది.

ఇంకో అనుమానం అంతకు ముందే, 1954లోనే తీరింది. లిక్‌లైడర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త (తర్వాత ఇంటర్నెట్‌కి దారి వేసినవాళ్ళలో ఒకడు) కింది పౌనఃపున్యాల్లో పెద్ద హోరు నింపాడు. చెవిలో నిజంగానే చిన్న 41 పుడుతుంటే ఆ హోరులో మునిగిపోవాలి. మునగలేదు, శ్రుతి వినిపిస్తూనే ఉంది. మన ఉప్పాడ కుర్రాడు తనకు తెలియకుండానే ఇలాంటి ప్రయోగమే చేశాడు. పక్కన కెరటాలు విరిగిపడుతున్న హోరు, చేతిలో మూలస్వరం పలకని ఫోను, అయినా శ్రుతి తెలుస్తోంది. 1972లో హౌట్స్మా, గోల్డ్‌స్టీన్ అనే పరిశోధకులు ఇంకో అడుగు ముందుకేసి ఒక హార్మోనిక్‌ని కుడి చెవికి, ఇంకోదాన్ని ఎడమ చెవికి వినిపించారు. శ్రుతి అప్పుడూ ఏర్పడింది. రెండూ కలిసే చోటు మెదడు తప్ప ఇంకెక్కడుంది?

1980ల్లో ఇళయరాజా పాటల్లో శశిధరన్ వాయించిన బేస్‌ని మనం అరచేయంత ట్రాన్సిస్టర్‌లో విని మురిసిపోయింది ఇలాగే. ఆ రేడియో 41 పలికిందనుకోవడం మన మెదడు చలవ.

కింది స్వరానికి ప్రాణం పై హార్మోనిక్స్‌లోనే ఉందని మన తంబూరా చేసినవాళ్ళకు చేతి అనుభవంతో తెలుసు. తీగలు ఆనే బ్రిడ్జి మీద తీగ కింద నూలు పోగు పెట్టి కొద్దికొద్దిగా జరుపుతుంటే ఒకచోట ‘జీవ’ పలుకుతుంది, తీగంతా జుమ్మంటుంది. దీని వెనకున్న భౌతికశాస్త్రం మీద చెయ్యి వేసినవాడు సి.వి. రామన్. ఆయన బాల్యం గడిచింది విశాఖపట్నంలో. తండ్రి అక్కడ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పేవారు, ఇంట్లో వయొలిన్ వాయించేవారు. తీగను ఏ బిందువు దగ్గర మీటితే, ఆ బిందువు కదలకుండా ఉండే హార్మోనిక్స్ పుట్టవని థామస్ యంగ్ కాలం నుంచి పాఠం. వీణ, తంబూరాల్లో ఈ పాఠం చెల్లదని, రాకూడని హార్మోనిక్స్ కూడా గట్టిగా పలుకుతాయని రామన్ 1921లో రాశారు. తీగ వంపు తిరిగిన బ్రిడ్జిని రాసుకుంటూ కంపించడమే దీనికి కారణం. డబుల్ బేస్ వాళ్ళు కూడా ఆయనకు దణ్ణం పెట్టుకోవాలి. కమానుతో లాగినప్పుడు చెల్లోలాంటి పెద్ద వాద్యాల్లో ఒక స్వరం దగ్గర పుట్టే ‘తోడేలు’ గుర్రుకి 1916లోనే వివరణ ఇచ్చారు.

ఇక ఉపయోగాలు. సంపాదకులు అడుగుతారు కాబట్టి రాస్తున్నాను. ఫోన్లో, చిన్న స్పీకర్లో బేస్ తెలియాలంటే తీగను బ్రిడ్జికి దగ్గరగా మీటండి. అక్కడ పై హార్మోనిక్స్ బాగా లేస్తాయి. మెడ దగ్గర మీటితే గుండ్రంగా, మెత్తగా ఉంటుంది, చిన్న స్పీకర్లో మాత్రం గాలిలో కలిసిపోతుంది. ఆంప్‌లో ‘బేస్’ గుండీ చివరిదాకా తిప్పి, వినబడలేదని మళ్ళీ వాల్యూమ్ పెంచేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ గుండీ కొంచెం తగ్గించి ‘మిడ్’ పెంచితే ప్రతి స్వరం విడిగా తెలుస్తుంది. డబుల్ బేస్ పెట్టెలో గాలి కూడా సుమారు 60 హెర్ట్జ్ దగ్గరే బాగా స్పందిస్తుంది. ‘ఇ’ తీగ 41ని ఆ పెద్ద పెట్టె కూడా బలహీనంగానే పలుకుతుంది. మిగతా పని వినేవాడి మెదడుదే.

తీగల చావుకి కారణం కూడా ఈ కథలోనిదే. లావు తీగ అంటే ఉక్కు పోగు చుట్టూ సన్నని తీగ చుట్టింది. బరువు పెరగాలి, వంగే గుణం పోకూడదు, అందుకే ఆ చుట్టుడు. ఆ చుట్ల సందుల్లోకి చెమట, జిడ్డు, ఉప్పుగాలి తేమ చేరతాయి. ఉప్పు తేమను లాగుతుంది, తుప్పు మొదలవుతుంది. మురికి పట్టిన తీగలో ముందు పోయేవి పై హార్మోనిక్సే, అంటే శ్రుతిని మోసేవే. మూలస్వరం బాగానే ఉంటుంది కాబట్టి తీగ పాడయిందని తెలియదు, ‘ఏదో మొద్దుగా ఉంది’ అనిపిస్తుంది. వాయించగానే పొడి నూలు గుడ్డతో ప్రతి తీగనీ కింద వైపు కూడా తుడవండి, గిటార్‌ని సంచిలో పెట్టి జిప్పు వెయ్యండి. కొత్త తీగలకు డబ్బు లేకపోతే పాతవి విప్పి మంచినీళ్ళలో పది నిమిషాలు మరిగించి, బాగా ఆరబెట్టి ఎక్కించండి. కొన్నాళ్ళు మళ్ళీ మోగుతాయి. తుప్పు ఎక్కినవాటిని మాత్రం మరిగించి లాభం లేదు.

అయిదో తీగ 31 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. సుమారు 30 కిందకు పోతే చెవికి శ్రుతి తెలియడం మానేసి వట్టి గురగురే మిగులుతుంది, కాబట్టి ఆ తీగ అంచు మీద నిలబడ్డట్టే. కొనుక్కోవద్దని అనను. ముందు ఉన్న నాలుగూ మార్చి చూడు నాయనా.