ఎం.ఆర్.ఐ.లో ఏమీ లేదన్నారు, మరి జబ్బెక్కడుంది?

"అప్పు జేసి తలకాయ ఫోటో తీపిచ్చినాము సిస్టరమ్మా. ఏమీ లేదన్నారు. మళ్ళా ఈ మాత్రలెందుకు?"

చెన్నూరు నుంచి గానీ, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు నుంచి గానీ స్కిజోఫ్రీనియా ఉన్న బిడ్డను తీసుకొచ్చే తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. రిపోర్టులో నార్మల్ అని ఉంటే కొందరు జబ్బే లేదనుకుంటారు, కొందరు గాలి సోకిందనుకుంటారు. రెండు విధాలా మాత్రలు ఆగిపోతాయి. కొన్ని నెలలకు చెవిలో మాటలు, అనుమానాలు మళ్ళీ మొదలై, నిద్ర లేని మనిషిని నలుగురు పట్టుకుని ఆటోలో తేవలసి వస్తుంది.

ఎం.ఆర్.ఐ.లో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. పెద్ద అయస్కాంతం ఉంటుంది. 1.5 టెస్లా మిషను అయితే దాని బలం భూమి అయస్కాంత బలానికి సుమారు 30 వేల రెట్లు. మన ఒంట్లోని నీటి నుంచి వచ్చే సంకేతాలను కంప్యూటరు బొమ్మగా మారుస్తుంది. మామూలుగా తీసే స్కానులో డాక్టరుగారు గడ్డ, రక్తస్రావం, పురుగుల తిత్తులు, పాత దెబ్బ మచ్చలు ఉన్నాయేమో కంటితో చూస్తారు. నార్మల్ అంటే అవి లేవని అర్థం, అంతే.

పరిశోధకులు చేసేది వేరే పని. మెదడును సుమారు ఒక మిల్లీమీటరు మందం పొరలుగా తీసి, ఏ భాగం ఎంత ఉందో కంప్యూటరుతో కొలుస్తారు. అలా కొలిస్తేనే తేడా తెలుస్తుంది.

ఒకప్పుడు ఈ జబ్బు తల్లి పెంపకం వల్ల వస్తుందని పెద్ద చదువులు చదివిన డాక్టర్లే విదేశాల్లో వ్రాశారు. ఎంతమంది తల్లులు ఆ నింద మోశారో! 1976లో లండన్ నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రిలో ఈవ్ జాన్‌స్టన్, టిమ్ క్రో బృందం 17 మంది రోగులకు సి.టి. స్కాను తీసి, మెదడు మధ్యనున్న నీటి గదులు వారిలో పెద్దవిగా ఉన్నాయని చూపించింది. (ఈ గదులు అందరికీ పుట్టుకతో ఉంటాయి. తలలో నీరు చేరిందని భయపడవద్దు.) తరువాత ఎం.ఆర్.ఐ. వచ్చింది. 1990లో అమెరికాలో 15 జతల కవలలను పరీక్షించారు. అందరూ ఒకే పోలికతో పుట్టినవారు, కానీ ప్రతి జతలో ఒకరికే జబ్బు. 14 జతల్లో జబ్బున్నవారి ఎడమ వైపు హిప్పోకాంపస్, అంటే జ్ఞాపకశక్తికి ముఖ్యమైన భాగం, తోడబుట్టినవారి కంటే చిన్నదిగా ఉంది.

2016లో అనేక దేశాలవారు కలిసి 2,028 మంది రోగుల కొలతలను 2,540 మంది ఆరోగ్యవంతుల కొలతలతో పోల్చినప్పుడు కూడా సగటున అదే కనబడింది. సగటున అన్న మాట ముఖ్యం. మన జిల్లాలో మగవారు సగటున ఆడవారి కంటే పొడుగు. అంతమాత్రాన ఎత్తు ఒక్కటే చెబితే ఆడో మగో చెప్పలేము కదా! ఇక్కడి తేడా అంతకంటే చిన్నది. అందుకే ఒక్క మనిషి స్కాను చూసి స్కిజోఫ్రీనియా ఉందనిగానీ లేదనిగానీ నేటికీ ఎవరూ చెప్పలేరు. రోగి మాట, ఇంటివాళ్ళు చెప్పే వివరాలు, డాక్టరు పరీక్ష, వీటితోనే జబ్బు తెలుస్తుంది.

"మాత్రల వల్లే మెదడు తగ్గిపోతుందట గదా?" అని చదువుకున్న పిల్లలు అడుగుతారు. పూర్తిగా తీసిపారేసే మాట కాదు. అమెరికాలోని అయోవాలో 211 మందిని ఏళ్ళ తరబడి గమనించి 2011లో ప్రకటించిన పరిశోధనలో, ఎక్కువ మోతాదు వాడినవారిలో మెదడు కొంచెం ఎక్కువగా తగ్గినట్లు కనబడింది. కానీ బెంగుళూరు నిమ్హాన్స్ వారు ఇంకా ఒక్క మాత్ర కూడా వాడని రోగులకు స్కాను తీసి చూస్తే, వారిలోనూ తేడాలున్నాయి. కాబట్టి జబ్బు పాత్ర ఉంది. మోతాదు తగ్గించవచ్చా అని డాక్టరుగారిని ధైర్యంగా అడగండి. మీ అంతట మీరు ఆపవద్దు, జబ్బు తిరగబెట్టడం చాలా నష్టం.

అయితే స్కాను దండగ అనడం లేదు. నలభై యాభై దాటాక మొదటిసారి మనసు చెదిరినా, ఫిట్స్, తలకు దెబ్బ, జ్వరంతో కలవరింతలు, కాలుచేయి బలహీనత ఉన్నా తప్పక తీయించాలి. మెట్టెలు, పిన్నీసులు, తాళిబొట్టు తీయాలి. గుండెకు పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి. లోపల దడదడమని పెద్ద శబ్దం వస్తుంది. అసలే చెవిలో మాటలు వినబడే మనిషి బెదిరిపోతాడు. ఆ శబ్దం మిషనుదేనని ముందురోజే నెమ్మదిగా చెప్పి పెట్టండి.

డాక్టరు దగ్గరకు వచ్చేటప్పుడు ఫిల్ము ఒక్కటే తేవద్దు. మాత్రల చీటీ, ఎన్ని రోజులు మానేశారో, నిద్ర ఎట్లుందో వ్రాసుకుని రండి. రాలేని రోజున 14416కు ఫోన్ చేయండి. అది 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ నంబరు. డబ్బు అక్కరలేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.