కోత చిన్నదే, ఆపరేషన్ చిన్నది కాదు

ఏప్రిల్, మే నెలల్లో నూజివీడు మామిడి తోటల్లో ఊపిరాడని పని. అలాంటప్పుడు పిత్తాశయంలో రాళ్లనో, హెర్నియా అనో డాక్టరు చెబితే కూలీలు ముందుగా అడిగేది, కాయ కోతకు మళ్లీ ఎప్పుడు వెళ్లొచ్చని. ఊళ్లో దొరికే జవాబుల్లో చాలావరకు అపోహలే.

అపోహ: చిల్లులు పెట్టి చేసిందే కదా, మూడోనాడు ట్రేలు ఎత్తొచ్చు.

వాస్తవం: బయటి గాటు సెంటీమీటరు అటూ ఇటూ. లాపరోస్కోపీ అనే ఈ పద్ధతిలో లోపల జరిగేది మాత్రం పెద్ద ఆపరేషనే. పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపి, కెమెరాలో చూస్తూ, పిత్తాశయ నాళానికీ రక్తనాళానికీ క్లిప్పులు వేసి తిత్తిని కోసి తీస్తారు. తర్వాత భుజం లాగితే గుండెపోటేమోనని హడలిపోయేవాళ్లున్నారు. సాధారణంగా అది లోపల మిగిలిన గ్యాస్ వల్ల వచ్చే నొప్పి, కొద్ది రోజుల్లో పోతుంది. ఛాతీ నొప్పి, ఆయాసం, జ్వరం, కళ్లు పచ్చబడడం ఉంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. హెర్నియాకు వేసిన మెష్ కండలో కుదురుకోవడానికి వారాలు పడుతుంది. సర్జన్ సరేననేదాకా నిండు ట్రే ఎత్తొద్దు, చిక్కం పట్టుకుని చెట్టెక్కొద్దు. కూలి పోతుందన్న బాధ చిన్నదేమీ కాదు. అందుకే తోట యజమానులు ఆ కొన్నాళ్లూ వాళ్లకు కాయ ఏరే పనో, లెక్కలు రాసే పనో ఇవ్వాలి.

అపోహ: లాపరోస్కోపీ అంటే లేజర్ ఆపరేషన్.

వాస్తవం: పిత్తాశయం, హెర్నియా లాపరోస్కోపీల్లో సాధారణంగా లేజర్ వాడరు.

అపోహ: ఆపరేషన్ రోబోయే చేసేస్తుంది, అందుకే అది మేలు.

వాస్తవం: కన్సోల్ ముందు కూర్చున్న సర్జన్ చేతులు కదిలితేనే రోబో చేతులు కదులుతాయి. ఇరుకైన చోట కుట్లు వేయడానికి, ప్రొస్టేట్ శస్త్రచికిత్సల వంటి వాటికి అది బాగా పనికొస్తుంది. అన్నిటికీ అదే మేలనుకోవద్దు. 471 మంది పురీషనాళ క్యాన్సర్ రోగులతో చేసి, 2017లో ప్రచురించిన రోలార్ పరిశోధనలో, మధ్యలో పొట్ట తెరవాల్సి రావడంలో రోబోకూ మామూలు లాపరోస్కోపీకీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

అపోహ: డాక్టరు ఎక్కడున్నా సరే, నూజివీడులోనే ఆపరేషన్ అయిపోతుంది.

వాస్తవం: దూరం నుంచి చేయడం సాధ్యమే. 2001 సెప్టెంబరు 7న డాక్టర్ జాక్ మరెస్కో న్యూయార్క్‌లో కూర్చుని ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న మహిళకు పిత్తాశయం తీశారు. 2018 డిసెంబరు 5న డాక్టర్ తేజస్ పటేల్ గాంధీనగర్ నుంచి సుమారు 32 కిలోమీటర్ల దూరంలోని అహ్మదాబాద్ రోగికి స్టెంట్ వేశారు. 2025 జనవరిలో దేశీయ రోబో ఎస్‌ఎస్‌ఐ మంత్రతో గురుగ్రామ్ నుంచి జైపూర్ రోగికి గుండె ఆపరేషన్ జరిగింది. అయితే రోగి పక్కన రోబో, మత్తు డాక్టరు, లైను తెగితే వెంటనే అందుకునే వైద్య బృందం ఉండి తీరాలి. పల్లెకు ముందు కావాల్సినవి అవే.

అపోహ: మధ్యలో పొట్ట కోశారంటే డాక్టరుకు చేతకాలేదన్నమాట.

వాస్తవం: రక్తం ఆగకపోతే, అవయవాలు అతుక్కుపోయి దారి కనిపించకపోతే ప్రాణం కాపాడేది ఆ నిర్ణయమే.

విజయవాడో, ఏలూరో వెళ్లినప్పుడు సంతకం పెట్టేముందు సర్జన్‌ను అడగండి: ఇలాంటివి మీరెన్ని చేశారు? నాకు రోబో ఎందుకు? అదనపు ఖర్చెంత? ప్రభుత్వ ఆరోగ్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవలో ఏది వర్తిస్తుందో ఆసుపత్రిలోని వైద్యమిత్రను అడిగి తెలుసుకోండి.